వన్నె కాగితముపై సిరాపువ్వులు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



చిత్రకళ యనగానే ఖరీదైన రంగులును, విశేషమైన తీరికయు కావలెనని మనలో పెక్కుమంది జంకుదురు. ఒక కలము, ఒక కుంచె, నల్లసిరా, కొంచెము తెల్లరంగు, ఒక గోధుమవన్నె కాగితము ఉన్న చాలునని మనవి చేయుటకే నేడు మీ ముందు నిలిచితిని.

తెల్లకాగితముపై మల్లెపువ్వును గీయబూనిన వారికి ఆదిలోనే చిక్కు కలుగును. పువ్వు తెలుపు, కాగితము తెలుపు. చుట్టును నలుపు పూసినగాని పువ్వు తేలదు. వన్నె కాగితముపై ఈ చిక్కు లేదు. అచట కాగితమే నడిమి ఛాయ. నీడలకు సిరా, వెలుగునకు తెలుపు. తక్కినదంతయు కాగితమునకే విడువవలెను. ఎచట విడువవలెనో తెలియుటయే ఈ విద్యకు ప్రాణము.

ఈ పద్ధతి పాతది. జర్మను చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1508లో నీలివన్నె కాగితముపై కుంచెతో, సిరాతో, తెల్లని మెరుగులతో మోడ్చిన చేతులను చిత్రించెను. వియన్నాలోని ఆల్బర్టీనా చిత్రశాలయందు అది నేటికిని కలదు. మన శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ కషాయమును పాలును పట్టించిన బట్టపై వెదురుకలముతో పూలతీగలు వ్రాయుదురు. ఇనుమును బెల్లమును ఊరబెట్టిన నీరు ఆ బట్టను తాకగానే నల్లబడును. నేలను ముందుగా సిద్ధపరచి దానిచేతనే పని చేయించుకొను తెలివి ఉభయత్ర కానవచ్చును.

ఇక పని వరుస. పువ్వును కిటికీ ప్రక్కన నుంచి, వెలుగు ఒకవైపునుండియే పడునట్లు చూడుడు. పెన్సిలుతో తేలికగా రూపు గీయుడు. రేకుల మొదళ్లను, తొడిమ క్రిందను ముందు పలుచని సిరాతో, పిదప చిక్కని సిరాతో నీడలు వేయుడు. అది పూర్తిగా ఆరినగాని తెలుపును ముట్టరాదు. తడిలో రెండును కలిసి బూడిదరంగగును. తెలుపును వెలుగు తాకిన రేకు అంచులకే వాడవలెను. రేకంతయు నింపినచో పువ్వు సుద్దముక్కవలె నుండును.

సాధనకు పొట్లపు కాగితము చాలును. కాని కాలక్రమమున అది నల్లబడి పెళుసగును. నిలువదగిన చిత్రమునకు నూలుగుజ్జుతో చేసిన చేతికాగితము మేలు. మసితో చేసిన సిరా వెలుగునకు వెలిసిపోదు. దానిని ఫౌంటెన్ పెన్నులో మాత్రము పోయరాదు. గడ్డకట్టి పెన్ను పాడగును.

బదిలీలపై ఊరూరు తిరుగు మనకు పెరటితోట దక్కుట అరుదు. నాటిన నందివర్ధనము పూయువేళకు ఇల్లు మారవలసి వచ్చును. మన పిల్లలలో కొందరు పూలపేర్లు వినియుందురు గాని, పువ్వును చూచి పేరు చెప్పజాలరు. నందివర్ధనమును ఒకసారి గీసిన బిడ్డ, దాని అయిదు రేకులును గాలిమరవలె ఒకే వైపునకు తిరిగియుండుటను ఎన్నడును మరువడు. కావున ఆదివారమున కొక పువ్వు చొప్పున ఇంటిల్లిపాదియు గీసి, క్రింద తెలుగు పేరును, ఊరును, తేదీని వ్రాసి ఉంచుడని నా ప్రార్థన. బదిలీ ఉత్తర్వు వచ్చిననాడు తోటను వెంట గొనిపోలేము; ఆ పుస్తకమును గొనిపోగలము.