పెరటి మామిడికి ఇంకొక్క ఏడు

ఈ దినము ధ్యానము కొరకు లూకా సువార్త 13వ అధ్యాయము 6 నుండి 9 వచనములు తెరచి చదువుకొనండి. కాయని అంజూరపు చెట్టును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానమది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వారికి మామిడిపండు సంగతి నేను చెప్పనక్కరలేదు. బాటసింగారానికి తరలిపోయే వరకు కొత్తపేట పండ్ల మార్కెట్టు మీ మధ్యనే ఉండేది. ఎండాకాలం వస్తే ఆ రోడ్డంతా మామిడి వాసనే. అయితే ఎల్‌బీ నగర్‌లో ఒక విశ్వాసి ఇంటి పెరట్లో బంగినపల్లి చెట్టు తొమ్మిదేళ్లయినా ఒక్క కాయ కాయలేదు. అంటు మొక్క మామూలుగా నాలుగైదేళ్లకు కాపుకు వస్తుంది. "అయ్యగారూ, ఆకులు ఊడ్వలేకపోతున్నాం, కొట్టించేస్తాను" అన్నారు ఆ సహోదరుడు.

వెళ్లి చూశాను. చెట్టు ఎంతో పచ్చగా ఉంది. మొదలు దాకా షాబాదు బండలు పరిచారు. బట్టలుతికిన నీళ్లు ఏడాది పొడవునా దాని మొదట్లోకే. మామిడి రైతు ఎవరినడిగినా చెబుతాడు, వానలు వెనకబట్టాక చెట్టుకు కొంతకాలం బెట్ట తగలాలి. అప్పుడే డిసెంబరు, జనవరి నాటికి పూత వస్తుంది. ఎప్పుడూ నీళ్లు తాగే చెట్టు ఆకులే వేస్తుంది. (ఇది మన సంఘాలకు కూడా వర్తిస్తుందేమో గాని, ఈ రోజు దాని జోలికి పోను.)

ఉపమానములో యజమానుడు మూడేండ్లు చూశాడు. అతడు అడిగినది న్యాయమే. తోటమాలి కాదనలేదు, గడువు అడిగాడు. అయితే గమనించండి, ఊరకే అడుగలేదు. చుట్టూ త్రవ్వే పని, ఎరువు వేసే పని తన మీద వేసుకున్నాడు. మనమైతే గడువు అడుగుతాము గాని గునపము ముట్టము.

మాటల్లో ఆ సహోదరుడు తన చిన్న కుమారుని సంగతి ఎత్తారు. త్రాగుడుకు అలవాటు పడ్డాడని ఇంటికి రావద్దన్నారట. మూడేండ్లుగా మాటల్లేవు. "ప్రార్థిస్తూనే ఉన్నాం గదా అయ్యగారూ" అన్నారు. "ఎప్పుడైనా వాడి గదికి వెళ్లారా?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు.

జూన్‌లో తొలకరి పడ్డాక బండలు తీయించారు. మొదలు దగ్గర లోతుగా త్రవ్వితే వేళ్లు తెగుతాయి గనుక, కొమ్మల నీడ అంచున గాడి తీసి మాగిన పశువుల ఎరువు వేశారు. ఉతికిన నీళ్లు వేరే వైపు మళ్లించారు. ఆ శనివారమే చైతన్యపురిలో కొడుకు అద్దెకున్న గదికి వెళ్లారు. తాళం వేసి ఉంది. తల్లి వండి పంపిన కూర గిన్నె పక్క గది కుర్రవాళ్లకు ఇచ్చి వచ్చారు. మరుసటి శనివారం మళ్లీ వెళ్లారు.

ఆ అంజూరపు చెట్టు మరుసటి ఏట కాసిందో లేదో ప్రభువు చెప్పలేదు. ఈ ఇంటి సంగతి కూడా నేనింకా చెప్పలేను. పూత కాలం రాలేదు.

ప్రార్థించుదము. కృపగల తండ్రీ, మేము విసిగిపోయిన వారి విషయమై నీవు విసుగలేదు గనుక నీకు స్తోత్రములు. తాళము వేసిన తలుపు ఎదుట నిలిచిన ఆ తండ్రికి ఓర్పు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.