ఛార్జ్ మెమో ఇచ్చి ఏళ్ల తరబడి నానబెడితే?

మీలో చాలామంది గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారు. కొందరి ఇళ్లల్లో నాన్నో అమ్మో ఆల్రెడీ గవర్నమెంట్ ఉద్యోగంలో ఉన్నారు. అందుకే ఈరోజు ఈ టాపిక్.

ముందు ఒక నిజమైన కేసు. హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌లో టౌన్ ప్లానింగ్ ఉద్యోగి ఒకాయన. అక్రమ కట్టడాల విషయంలో 1987లో ఏసీబీ రిపోర్ట్ వచ్చింది, మెమో ఇచ్చారు. ఎంక్వైరీ మాత్రం సాగలేదు. మళ్లీ 1995లో ఛార్జ్ మెమో! చివరికి 1998లో సుప్రీంకోర్టు ఏమంది? ఇంత ఆలస్యానికి ప్రభుత్వం సరైన కారణం చూపలేదు, ఆ మెమో చెల్లదు అంది.

మరి ఆయన తప్పు చేశారా, లేదా? అది తేలనే లేదు. అసలు నష్టం ఇక్కడే ఉంది. తప్పు చేయనివాడైతే ఇన్నేళ్లూ ఊరికే నలిగిపోతాడు. ప్రమోషన్ ఆగుతుంది, జూనియర్లు దాటిపోతారు, రిటైరైతే గ్రాట్యుటీ కూడా ఆగుతుంది. నిజంగా తప్పు చేసినవాడైతే? సాక్షులు మర్చిపోతారు, ఫైళ్లు దొరకవు, హాయిగా బయటపడతాడు. అంటే ఆలస్యం వల్ల లాభం దొంగకే!

అయితే ఒక్క మాట. లేటైంది కాబట్టి కేసు కొట్టేస్తారులే అనుకోకండి. ఢిల్లీలో ఒక కోర్టు ఉద్యోగిని తొమ్మిదేళ్లకు పైగా సస్పెన్షన్‌లో ఉంచారు. ఆయన కేసులో 2015లో సుప్రీంకోర్టు, శాఖాపరమైన విచారణను ఆరు నెలల్లో ముగించడానికి ప్రయత్నించాలి, తప్పనిసరైతే ఏడాది దాటకూడదు అని చెప్పింది. సస్పెన్షన్ కాలాన్ని పెన్షన్‌కి లెక్కగట్టమంది. కానీ ఆయనకు వేసిన శిక్షను, అంటే నిర్బంధ పదవీ విరమణను మాత్రం రద్దు చేయలేదు.

కోర్టు ఏం చూస్తుందంటే... ఆలస్యం ఎవరివల్ల జరిగింది? ఆరోపణ ఎంత పెద్దది? ఉద్యోగికి నిజంగా నష్టం జరిగిందా? ఈ మూడూ తూకం వేస్తుంది.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా మెమో వస్తే కంగారుపడొద్దు. గడువులోగా జవాబివ్వమనండి. ఊరికే వాయిదాలు అడగొద్దు, ఆ ఆలస్యం మన ఖాతాలోనే పడుతుంది. విచారణ త్వరగా ముగించమని లెటర్ పెట్టి, అందినట్టు సంతకం, తేదీ తీసుకుని ఆ కాపీ జాగ్రత్తగా దాచాలి. రేపు కోర్టుకెళ్తే మన తరఫున మాట్లాడేది ఆ కాగితమే.