శ్రీహరికోటలో ప్రైవేటు రాకెట్టు
భారత అంతరిక్ష రంగంలో ప్రైవేటు సంస్థలు దీర్ఘకాలం ఇస్రోకు విడిభాగాలు చేసి ఇచ్చేవిగానే ఉండిపోగా, 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన సంస్కరణలు సొంత రాకెట్లనూ ఉపగ్రహాలనూ నిర్మించి ప్రయోగించే వీలును వాటికి కల్పించాయి. అనుమతులిచ్చి, ఇస్రో సౌకర్యాలను అందుబాటులోకి తెచ్చే బాధ్యత ఇన్‌స్పేస్ అనే ప్రత్యేక సంస్థకు దక్కింది. దీని ఫలితం తొలుత తెలుగునేల మీదే కనిపించింది. ఇస్రో మాజీ ఇంజనీర్లు పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాదులో స్థాపించిన స్కైరూట్ సంస్థ తయారుచేసిన విక్రమ్-ఎస్, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుండి లేచి, మూడు చిన్న పరికరాలతో 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. ఆరు మీటర్ల పొడవు, 545 కిలోల బరువు గల ఆ రాకెట్టు ఉపకక్ష్య రకానిది. అనగా భూమి చుట్టూ తిరగడానికి కావలసిన వేగాన్ని అందుకోక, పైకి వెళ్లి సముద్రంలో పడిపోయేది. కనుక దానిని కక్ష్యా ప్రయోగంతో సమానంగా లెక్కించడం అతిశయోక్తే గాని, ప్రయోగకేంద్రం ప్రభుత్వానిది, రాకెట్టు ప్రైవేటుది అన్న పొత్తు ఆచరణలో నిలిచిందన్నది మాత్రం నిజం. 2023 నాటి అంతరిక్ష విధానం ఈ పని విభజనకు లిఖితరూపం ఇవ్వగా, విడిభాగాల తయారీలో నూరు శాతం, ప్రయోగవాహనాలలో 49 శాతం వరకు విదేశీ పెట్టుబడిని ముందస్తు ప్రభుత్వ అనుమతి లేకుండానే స్వీకరించవచ్చని 2024లో కేంద్రం నిర్ణయించింది.