ఇప్పసారా – మన కట్టుబాటు

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కోరుకొండ నుంచి గోకవరం మీదుగా పైకెళ్తే రంప. అక్కడ 1879లో మనవాళ్ళు ఎందుకు తిరగబడ్డారో తెలుసా? కల్లు కోసం కూడా. ఇంట్లో తాగడానికి గీసుకునే కల్లు మీదా చిగురుపన్ను వేసి, హక్కు కాంట్రాక్టర్లకు కట్టబెట్టారు. మన చెట్టు కల్లు మనమే కొనుక్కోవాలట!

ఇప్పసారా గీసేది కాదు, కాచేది. వేసవి మొదట్లో తెల్లారుతూనే రాలిన పూలు ఏరి, ఎండబెట్టి, కుండలో నానబెట్టి, పులిశాక కాస్తారు. తొలి ధార పెద్దలకు. ఆ తర్వాతే మనకు.

నవసారం కలిపి అమ్మే బెల్లంసారా వేరు. అది ఇళ్ళు కూలుస్తోంది. ఆ కుండలు ఆడవాళ్ళు పగలగొడితే మేం అడ్డు చెప్పం. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు అమ్మకాన్ని అదుపుచేసే అధికారం గ్రామసభకు ఉండాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఈసారి సభకు మీరూ రండి.