ముడుతలు విప్పు ఓర్పు

1938వ సంవత్సరమున అమెరికాలో పది సెంట్ల వెలకు వెలువడి, సూపర్‌మాన్‌ను లోకమునకు పరిచయము చేసిన యాక్షన్ కామిక్స్ తొలిసంచిక నేడు లక్షలాది డాలర్లు పలుకుచున్నదనగా, చదివి పారవేయుటకై అచ్చయిన ఆ చవుక కాగితము ఎంతటి గౌరవము గడించినదో ఊహింపవచ్చును. కామిక్స్ సంచికల స్థితిని అంచనా కట్టు సీజీసీ వంటి సంస్థలు ప్రతి సంచికకును పదింటికి మార్కులు వేయుచుండుటచేత, చిన్న ముడుతయు వెలను తగ్గించును.

ముడుతపడిన సంచికలను ఇంట చదును చేయగోరువారు మొదట మెత్తని కుంచెతో ధూళిని తొలగించి, ఆమ్లరహితములైన రెండు అట్టల నడుమ పుస్తకమును వెన్ను వంకరపోకుండ అమర్చి, పైన సమమైన బరువునుంచి, వారముల తరబడి కదల్పకుండవలెను. కట్టెగుజ్జు నారలు గాలిలోని స్వల్పమైన తేమకే మెత్తబడి, బరువు క్రింద మెల్లగా తిన్ననగును. తొందరపడి ఇస్త్రీపెట్టె వాడినచో పుస్తకపు అట్ట మెరుపు చెడును. తేమ మించినచో బూజు పట్టును, పిన్నులు త్రుప్పుపట్టును. రంగు చిట్లిన మడతను ఏ బరువును మాన్పజాలదు. కావున ముందుగా విలువ తక్కువైన ప్రతిపై సాధన చేసి, అమూల్యమైనదానిని నిపుణులకే అప్పగింపుడు.

1947 జూలైలో మద్రాసున పుట్టిన చందమామ సంచికలను సముద్రములు దాటించి తెచ్చుకొన్న మన తెలుగువారికిని ఈ ఓర్పే శరణ్యము; ఏలయన, ఆ పుటలను చదును చేయుటయనగా మన బాల్యమును మన బిడ్డల చేతికి భద్రముగా అందించుటయే.