గంపలుగా అల్లిన ద్రాక్షతీగలు



నేను బడిలో వ్యాకరణము చెప్పునపుడు ‘కాపిశాయనము’ అను మాటకు, కాపిశీనగరమునఁ బుట్టిన ద్రాక్షాసవమని అర్థము చెప్పి ముందునకు సాగెడివాఁడను. ఆసవమునకు ఊరిపేరేల వచ్చెనని ఒకనాఁడు ఒక శిష్యుఁడు అడిగెను. నాకు సమాధానము తోఁచలేదు. నేను మద్యమెఱుఁగను; కాని గ్రీసుదేశపు సాంటొరిని ద్వీపమునుగూర్చి చదివినపుడు ఆ ప్రశ్న మరల గుర్తునకు వచ్చినది.

తెల్లని ద్రాక్షాసవమునకు పులుపే ప్రాణము. అది పులియఁబెట్టుటవలనఁ గాక కాయనుండియే వచ్చును. ఫ్రాన్సులోని షాబ్లీవంటి చల్లనిచోట పండెడి షార్డొనే ద్రాక్షకు పులుపు సహజము. ఎండ హెచ్చినచో, మామిడి పండినట్లే, తీపి పెరిగి పులుపు తగ్గును. సాంటొరినిలో వేసవియందు వానలు లేవనియే చెప్పవలెను. అయినను అచ్చటి అసిర్తికో అను ద్రాక్ష పండియు పులుపు విడువదు!

అది అగ్నిపర్వతపు బూడిదనేల. గాలి తీవ్రము, పందిరి నిలువదు. కావున రైతులు తీగను నేలమీఁదనే గంపవలె చుట్టి అల్లుదురు. గుత్తులు లోపల దాఁగును. సముద్రముమీఁదినుండి వచ్చు మంచు తీగకు తేమ నిచ్చును. 19వ శతాబ్దమున ఫిలాక్సెరా అను వేరుపురుగు ఫ్రాన్సు తోటలను నాశనము చేయఁగా, అమెరికా వేళ్లపై అంటుకట్టి బ్రతికించుకొనిరి. ఈ బూడిదలో ఆ పురుగు బ్రతుకలేదు. తీగ ముదిరినచో నఱికి, ఆ పాతవేరునుండియే క్రొత్త గంపను లేపుదురు.

ఇప్పుడా నేలలో యాత్రికుల విడిదిగృహములు లేచుచున్నవి. గంప అల్లుట చేతిపని, కాపు స్వల్పము. నేల అమ్మినచో ధనమెక్కువ. అసిర్తికోను ఆస్ట్రేలియాలోను నాటినారు. తీగ అచ్చటికిఁ బోయినది కాని, ఆ బూడిదయు ఆ పాతవేళ్లును పోలేదు.