వలకు మందు – నీటికి ముప్పు



జోలార్పేటలో కాట్పాడి రైలెక్కితే వాణియంబాడి, ఆంబూరు దాటి గుడియాత్తం వైపు పాలారు లోయ వెంటనే ప్రయాణం. ఆ ఏటికి పట్టిన గతి మీకు చెప్పనక్కరలేదు. తోళ్ళు పదును చేసే టానరీల నీళ్ళు నేలలోకి దిగి బావులను చెరిచాయి. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న సర్వే మాటను 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు తన తీర్పులో ఉదహరించింది. ఆ నీళ్ళలోని క్రోమియం వంటి లోహం కుళ్ళిపోయేది కాదు, ఎక్కడో ఒకచోట పేరుకునేదే. ఆ అనుభవం ఉన్న మనం ఈ రోజు సముద్రం సంగతి ఒకటి తెలుసుకుందాం.

సముద్రంలో వల పంజరాలు కట్టి చేపలు పెంచే పద్ధతిని మన దేశంలో 2007లో విశాఖపట్నం తీరాన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు మొదలుపెట్టారు. పండుగప్ప వంటి చేపలు అందులో పెరుగుతాయి. అయితే నీటిలో వేలాడే వలకు కొన్ని వారాల్లోనే పాచి, నాచు, గుల్లలు పట్టేస్తాయి. కన్నాలు మూసుకుపోతే కొత్తనీరు లోపలికి రాదు, చేపకు ప్రాణవాయువు చాలదు. వల బరువెక్కి చినుగుతుంది. అందుకని చాలా దేశాల్లో వలలకు రాగి కలిసిన మందు పూస్తారు.

ఆ రాగి వల మీదే ఉండిపోతుందా? ఉండదు. కొంచెం కొంచెంగా కరిగితేనే అది పనిచేస్తుంది. కరిగినదాంట్లో కొంత పంజరం కింది బురదలో చేరుతుంది. గుల్లలను ఆపే మందు, ఆ బురదలో బతికే పురుగునూ పీతనూ విడిచిపెట్టదు గదా!

అంతకుముందు వాడిన ట్రైబ్యూటిల్ టిన్ అనే తగరపు మందు ఇంకా చేటు చేసింది. ఫ్రాన్సులో ఆర్కషాన్ అఖాతపు ఆల్చిప్పల పెంపకం దెబ్బతినడంతో 1982లో అక్కడ చిన్న పడవలకు దాన్ని నిషేధించారు. 1987లో బ్రిటన్ చేపల పంజరాల వలలకూ వద్దంది. ఓడల విషయంలో అంతర్జాతీయ ఒప్పందం అమలులోకి వచ్చేసరికి 2008 అయింది.

మరి పంజరం వేసిన మత్స్యకారులు ఏం చేయాలి? వలలు రెండు జతలు ఉంచుకుని మారుస్తూ ఉండవచ్చు. తీసిన వలను ఒడ్డున ఎండబెట్టి దులపవచ్చు. మందు పూసిన వలను మాత్రం నీటిలో కడగరాదు. దీనికి కూలి ఖర్చవుతుంది, నిజమే. మందు పూస్తే ఆ కూలి కొంత మిగులుతుంది. ఆ మిగులుకు బదులు ఎవరు చెల్లిస్తారన్నదే ప్రశ్న. ఇక్కడ పాలారు ఒడ్డు రైతు చెల్లించాడు.

చెరిచినవాడే నష్టం భరించాలనీ, చెరపకముందే జాగ్రత్తపడాలనీ 1996 నాటి తీర్పు చెప్పింది. మనకు మొదటి మాట ఆలస్యంగా అందింది. సముద్రానికి రెండో మాట ఇప్పుడే అందితే మేలు.